గోదారి మీద నీరెండ... మీ ఫోటోకి చిక్కిందా?

పోయిన సెలవుల్లో అరకో, ఊటీయో, లేదంటే అత్తగారి ఊరో వెళ్ళొచ్చారు. కొండలు, లోయలు, చెరువుగట్లు చూసి "అబ్బ, ఎంత బావుందో!" అనుకుంటూ చేతిలో ఉన్న ఫోనుతో టకటకా ఫోటోలు తీసేశారు. ఇంటికొచ్చి, విడిచిన బట్టలన్నీ ఉతుక్కుని, తీరిగ్గా కూర్చుని చూసుకుంటే... ఏముంది? ఆ కొండ పుట్టలా ఉంది. లోయ ఎక్కడుందో తెలియడం లేదు. ఆకాశం సున్నం కొట్టిన గోడలా ఉంది. "అక్కడ నిజంగా చాలా బావుందండీ, ఫోటోలో సరిగ్గా రాలేదు" అని చూసిన ప్రతివాళ్ళకీ సంజాయిషీ చెప్పుకుంటున్నారు. అవునా, కాదా?

సిగ్గుపడకండి. నేనూ ఆ బాపతే. మనుషుల ఫోటోలు ఎలాగో నెట్టుకొచ్చేస్తాను. పిల్లల పుట్టినరోజులూ, వ్రతాలూ, సీమంతాలూ ఫరవాలేదు. ప్రకృతి దృశ్యం అనేసరికి మాత్రం నా ఫోటోలు ఎప్పుడూ చప్పిడి కూరలే. వాటిలో కాస్త ఉప్పూ కారం పడింది మా అమ్మ పుణ్యమా అని.

అమ్మ పుట్టి పెరిగింది కొవ్వూరులో. ఇప్పుడావిడకి 78 ఏళ్ళు. మోకాళ్ళు సహకరించవు. హైదరాబాదులో మా మూడో అంతస్తు ఫ్లాటులో కిటికీ పక్కన కుర్చీ, ఆ కుర్చీలోంచి కనిపించే ఎదుటి అపార్ట్‌మెంటు వాళ్ళ నీళ్ళ ట్యాంకు. అంతే ఆవిడ లోకం. రెండేళ్ళ క్రితం ఒకరోజు ఉన్నట్టుండి అడిగింది. "చిన్నప్పుడు మెట్ల మీద కూచుని గోదారిని చూసేదాన్నే. అది మళ్ళీ ఒక్కసారి చూడాలనుంది. నన్ను తీసుకెళ్ళలేవులే. ఓ ఫోటో తీసి ఆ గోడకి పెట్టవే" అని.

ఇంతేగా అనుకున్నాను. ఆ ఒక్క ఫోటోకి నాకు మూడు ప్రయాణాలు పట్టాయి!

నడినెత్తిన సూర్యుడు

మొదటిసారి వెళ్ళింది మే నెలలో, కొవ్వూరులో చిన్నాన్నగారి మనవరాలి పెళ్ళికి. భోజనాలయ్యాక, పట్టుచీరతోనే గోష్పాద క్షేత్రం మెట్ల దగ్గరికి పరుగెత్తి, చెమటలు కక్కుతూ 23 ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి అమ్మ చేతిలో ఫోను పెట్టాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని ఒక్కొక్కటే చూసి, "ఏ గోదారే ఇది?" అంది.

నాకు ఉక్రోషం వచ్చింది. మళ్ళీ నేను చూసుకుంటే నిజమే. పాలిపోయిన నీళ్ళు, పాలిపోయిన ఆకాశం, మధ్యలో ఒక గీత. అది గోదావరి కావచ్చు, కృష్ణ కావచ్చు, ఏదో ఒక రిజర్వాయరు కావచ్చు.

కారణం తరవాత తెలిసింది. మే మొదటి వారాల్లో మన గోదావరి జిల్లాల్లో మధ్యాహ్నం సూర్యుడు అక్షరాలా నడినెత్తిన ఉంటాడు. మన నీడ మన కాళ్ళకిందే ఉంటుంది. నీడ లేకపోతే కెమేరాకి ఎత్తుపల్లాలు తెలియవు. మెట్టుకీ మెట్టుకీ తేడా తెలియదు. ఇసుక తిన్నె మీద గాలి గీసిన గీతలు కనిపించవు. గోడ మీద పిడకలు కొట్టినా, నున్నగా అలికినా ఒకేలా పడుతుంది. దానికి తోడు ఎండాకాలపు మధ్యాహ్నం గాలిలో దుమ్ము, ఆవిరి నిండి ఉంటాయి. దూరంగా ఉన్నవన్నీ పలచబడిపోతాయి.

మరి మన కంటికి అంత బావున్నదేమిటీ అంటారా? కన్ను గడుసుది. ఒక్కచోట నిలవదు. పడవ మీదికి వెళ్తుంది, అక్కణ్ణించి వంతెన మీదికి గెంతుతుంది, అక్కర్లేని కరెంటు తీగల్ని చూసీ చూడనట్టు వదిలేస్తుంది. చెట్టు నీడలోకి చూస్తే నీడకి, ఎండలోకి చూస్తే ఎండకి క్షణంలో సర్దుకుంటుంది. పైగా చల్లగాలి, నీటి వాసన, గుళ్ళో గంట... ఇవన్నీ కలిపి 'బావుంది' అనిపిస్తాయి. కెమేరాకి గాలీ వాసనా ఎక్కవు. దానికి ఎక్కేది వెలుతురు ఒక్కటే. కాబట్టి 'ఈ చోటు బావుందా?' అని చూస్తే చాలదు, 'ఇప్పుడు ఈ చోటు మీద వెలుతురు బావుందా?' అని కూడా చూసుకోవాలి.

నీరెండ అని మనకి ఎంత చక్కటి మాట ఉందో చూడండి. నీళ్ళు కలిపి పలచన చేసినట్టుండే ఎండ. పొద్దున్నే, మళ్ళీ సాయంత్రం కాసేది. అప్పుడు సూర్యుడు కిందుగా ఉంటాడు కాబట్టి కిరణాలు గాలి పొరల్లో చాలా దూరం ప్రయాణం చేసి రావాలి. ఆ దారిలో నీలిరంగు చెదిరిపోయి, పసుపూ ఎరుపూ మిగులుతాయి. ఆ ఏటవాలు ఎండకి ప్రతి రాయికీ, ప్రతి అలకీ ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ పడుతుంది. అప్పుడు చూడండి, మీ ఫోటోలో కొండ కొండలా నిలబడుతుంది!

అయితే ఒక చిక్కు. మన దేశంలో సూర్యుడు ఏటవాలుగా కాక దాదాపు నిలువుగా పైకెక్కుతాడు. ఇంగ్లండులో ఉన్న మీ అమ్మాయికి ఈ మెత్తటి వెలుతురు గంటా గంటన్నర దొరకొచ్చు. మనకి మహా అయితే అరగంట, ముప్పావుగంట. "కాఫీ తాగి వెళ్దాంలే" అనుకుంటే అయిపోయినట్టే. ఫ్లాస్కులో పోసుకుని బయల్దేరాల్సిందే.

సూర్యుడు ఎటు లేస్తాడు?

రెండోసారి కార్తీకమాసంలో రాజమండ్రిలో మా పెద్దమ్మ కూతురింటికి వెళ్ళాను. ఈసారి తెలివిగా సాయంత్రం నాలుగున్నరకే పుష్కరాల రేవుకి చేరాను. ఏం సూర్యాస్తమయమండీ అది! నీళ్ళన్నీ కరిగించిన రాగిలా అయిపోయాయి. వంతెన నల్లగా, ముగ్గుగీతలా ఆ చివరి నుంచి ఈ చివరి దాకా. చుట్టాల గ్రూపులో పెట్టగానే "సూపర్ అక్కా", "వావ్ పిన్నీ", "కేలండరులా ఉంది వదినా" అని మోత. నేను గాల్లో తేలిపోయాను. మర్నాడు ఇంటికొచ్చి అమ్మకి చూపించాను.

చాలాసేపు చూసింది. "బావుందే. చాలా బావుంది. కానీ ఇది రాజమండ్రి గోదారి" అంది.

"గోదారి గోదారేగా అమ్మా?"

"అదేంటే? మాకు గోదారి తూర్పు. మా రేవులో కూచుంటే సూర్యుడు అటేపు నించి పైకి లేస్తాడు. సూర్యుడు గోదాట్లోకి దిగడం వాళ్ళు చూస్తారు. మేం చూసింది లేవడమే. పొద్దున్నే బిందె పట్టుకెళితే మొహం మీద పడేది ఎండ. ఇందులో ఆ ఎండ లేదు."

నాకు నోట మాట రాలేదు. కొవ్వూరు పడమటి గట్టున, రాజమండ్రి తూర్పు గట్టున ఉన్నాయని మూడో తరగతి పిల్లకి కూడా తెలుసు. కానీ దాని అర్థం ఏమిటో నాకు తట్టలేదు. వెలుతురు ఎటు నుంచి వస్తుందన్నదే ఆ ఊరు ఏ ఊరో చెబుతుంది. అమ్మకి కావలసింది అందమైన గోదారి కాదు, తన పొద్దుటి గోదారి. గ్రూపులో ఉన్న నలభైమందిలో ఒక్కరూ ఈ మాట చెప్పలేదు. చెప్పరు కూడా.

మీరూ ఏదైనా చోటుకి ఫోటో కోసం వెళ్ళేముందు ఒక్క నిమిషం ఆలోచించుకోండి. అక్కడ తూర్పు ఎటు? పొద్దున వెలుతురు దేని మీద పడుతుంది, సాయంత్రం దేని మీద? గుడి తూర్పుముఖంగా ఉంటే గోపురం ముందువైపు పొద్దున్నే వెలుగుతుంది, సాయంత్రానికి నల్లబడిపోతుంది. కొండకి పడమటి వైపు మీరున్నారనుకోండి, పొద్దున మీకు కనిపించేది కొండ నీడే. ఇంకో సంగతి. సూర్యుడు సరిగ్గా తూర్పున లేచేది ఏడాదికి రెండే రెండు సార్లు, మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతాల్లో. చలికాలంలో ఆగ్నేయానికి జరిగి, ఎండాకాలంలో ఈశాన్యానికి జరిగి లేస్తాడు. ఉత్తరాయణం, దక్షిణాయనం అని పంచాంగంలో చదువుతాం గానీ వంటింటి కిటికీలోంచి వచ్చే ఎండ ఏ డబ్బా మీద పడుతోందో చూస్తే అదే తెలిసిపోతుంది. మీరు తీయాలనుకున్న దృశ్యంలో గుడి శిఖరం వెనకే సూర్యుడు రావాలంటే ఆరునెలలు ఆగాల్సి రావచ్చు. నవ్వకండి, ఆగేవాళ్ళున్నారు!

వెలుతురు ఎంత తొందరగా జారిపోతుందో చెప్పడానికి ఒక కథ చెబుతారు. కథ కాదు, నిజంగా జరిగిందే. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ అని ప్రకృతి దృశ్యాలు తీయడంలో చేయి తిరిగిన ఫోటోగ్రాఫరు. 1941లో ఒక సాయంత్రం న్యూ మెక్సికో రాష్ట్రంలో కారులో వస్తుంటే, హెర్నాండెజ్ అనే చిన్న పల్లె మీద చంద్రుడు లేచి ఉన్నాడు. కింద శ్మశానంలో తెల్లటి శిలువల మీద పొద్దువాలే ఎండ మెరుస్తోంది. గబగబా కారాపి, పెద్ద కెమేరా నిలబెట్టాడు. తీరా చూస్తే వెలుతురు కొలిచే మీటరు కనబడలేదు. చంద్రుడి వెలుగు ఎంతో ఆయనకి లెక్క గుర్తుంది కాబట్టి ఆ అంచనాతో ఒక ఫోటో తీశాడు. రెండోది తీద్దామని సర్దుకునేలోగా శిలువల మీది ఎండ కాస్తా పోయింది. ఆ ఒక్కటే ప్రపంచప్రసిద్ధి పొందింది. ఇంతకీ ఆడమ్స్ గారు కుర్రతనంలో పియానో విద్వాంసుడు కావాలని సాధన చేసినాయన. ఫోటోలు అప్పట్లో సరదా.

సరదాగా మొదలెట్టినవాళ్ళు మన దగ్గరా ఉన్నారు. ఇండోరులో ప్రభుత్వోద్యోగం చేసుకుంటూ ఫోటోగ్రఫీ నేర్చుకున్న దీన్‌దయాళ్ తరవాత హైదరాబాదు వచ్చి ఆరో నిజాముకి ఆస్థాన ఫోటోగ్రాఫరై రాజా దీన్‌దయాళ్ అయ్యారు. 1892లో ఆయన హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసమే ఒక జెనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఇంగ్లీషావిడకి అప్పగించారు. అప్పట్లో ఫోటో తీయించుకోవడానికే గోడల మధ్య చోటు వెతుక్కోవాల్సి వచ్చిన ఆడవాళ్ళం, ఇప్పుడు తెల్లారకముందే ఏటి ఒడ్డున ఫోను పట్టుకుని నిలబడుతున్నాం. (పక్కన ఎవరైనా తోడుంటే మంచిదనుకోండి. నాకు మా తమ్ముడు తోడొచ్చాడు, దారిపొడుగునా ఆవలిస్తూ.)

ముగ్గులో ఖాళీలాగే

మూడోసారికి ముందు నేను చేసిన మంచిపని ఒకటుంది. మా ఎదురు ఫ్లాటులో ఉండే టీచరమ్మకి నా పాత ఫోటోలన్నీ చూపించాను. కరీంనగర్ వైపు ఆవిడ. స్కూల్లో డ్రాయింగు చెబుతారు. మొహమాటం ఎరగరు. నేను అపురూపంగా దాచుకున్న ఫోటో ఒకటి చూసి, "అన్నీ ఉన్నయి అక్కా. ఇందుల నేనేం చూడాలె?" అన్నారు.

అందులో రేవు ఉంది, గుడి ఉంది, వంతెన ఉంది, రెండు పడవలున్నాయి, శనగలమ్మే బండి ఉంది, ఎవరో ఆయన మోచెయ్యి కూడా ఉంది. "ఏది చూడాలి" అంటే నా దగ్గర జవాబు లేదు.

ఆవిడ ఒక కాగితం తీసుకుని అటు రెండు, ఇటు రెండు గీతలు గీసి తొమ్మిది గళ్ళు చేశారు. ఫోన్లో కూడా ఈ గళ్ళ గీతలు వచ్చే ఏర్పాటు ఉంటుంది. కెమేరా సెట్టింగుల్లో 'గ్రిడ్' అని ఉంటుంది, ఆన్ చేసుకోండి. నీరూ నింగీ కలిసే గీతని సరిగ్గా మధ్యలో పెట్టకుండా పై గీత మీదో, కింది గీత మీదో పెట్టి చూడమన్నారు. ఆకాశంలో మబ్బులు బావుంటే గీత కిందికి, ఆకాశానికి రెండు వంతులు. ఆకాశం ఖాళీగా ఉంటే గీత పైకి, నీళ్ళకి రెండు వంతులు. అలా చెయ్యాలంటే ముందు మీరు తేల్చుకోవాలి, నాకు నచ్చింది ఆకాశమా, నీళ్ళా అని. నన్నడిగితే ఈ సూత్రంలో అసలు మేలు ఆ తేల్చుకోవడమే. నీళ్ళలో కొండ నీడ అద్దంలోలా పడినప్పుడు గీత మధ్యలో పెట్టినా చక్కగానే ఉంటుంది. గీత ఒక పక్కకి ఒరిగితే మాత్రం గోదారంతా ఒలికిపోతున్నట్టుంటుంది. ఆ ఒక్కటీ చూసుకోండి.

ముగ్గేసేటప్పుడు వాకిలంతా నింపెయ్యం కదా? చుట్టూ ఖాళీ వదిలితేనే ముగ్గు ముగ్గులా కనిపిస్తుంది. ఫోటోలో కూడా ఒక పడవకి చుట్టూ నీళ్ళు వదిలితే ఆ పడవ ఒంటరితనం, ఆ ఏటి వెడల్పు రెండూ తెలుస్తాయి. ఆరు పడవలుంటే పడవల రేవు తెలుస్తుంది తప్ప ఏరు తెలియదు.

ఇక దూరం. కెమేరాకి దూరం చూపించాలంటే దగ్గరిది కూడా ఒకటి చూపించాలి. ఫోటోలో కింది భాగాన తడిసిన మెట్టో, లంగరేసిన పడవ ముక్కో, గడ్డిపూలో ఉంటే చూసేవాళ్ళు అక్కణ్ణించి నడుచుకుంటూ లోపలికి వెళ్తారు. వంతెన గానీ, పొలం గట్టు గానీ, రైలు పట్టా గానీ మూల నుంచి లోపలికి పోతూ ఉంటే కన్ను దాని వెంటే పోతుంది. దీనికోసం వంగాలి, కూర్చోవాలి. మనం అన్ని ఫోటోలూ నిలబడి, కంటి ఎత్తు నుంచే తీస్తాం. అందుకే అవన్నీ ఒకేలా ఉంటాయి. మెట్టు మీద కూర్చుని తీసి చూడండి, అదే ఏరు ఎంత పెద్దదవుతుందో! అమ్మ చూసింది కూచునే కదా అని నాకు అప్పుడు వెలిగింది.

నొక్కేముందు నాలుగు మూలలూ ఒకసారి చుట్టి రండి. ప్లాస్టిక్ కవరు, తీగ, ఎవరిదో చెప్పు... రెండడుగులు పక్కకి జరిగితే చాలామటుకు పోతాయి. ఫోను వేళ్ళతో సాగదీసి దగ్గరికి లాక్కోకండి, చాలా ఫోన్లలో బొమ్మ అలుక్కుపోతుంది. నాలుగడుగులు ముందుకి నడవండి.

స్నానాల రేవుల్లో ఇంకో జాగ్రత్త. ఆడవాళ్ళు స్నానాలు చేస్తూ, బట్టలు మార్చుకుంటూ ఉంటారు. మన ఫోటో ఎంత బాగా వస్తున్నా సరే, ఫోను దించెయ్యాల్సిందే. దూరంగా ఉన్నారు, మొహం కనిపించదులే అనుకోవద్దు. మనల్ని ఎవరైనా అలా తీస్తే ఊరుకుంటామా? జాలరివాళ్ళనీ, పడవవాళ్ళనీ కూడా అడిగి తీస్తే సంతోషిస్తారు. తీసింది ఒకసారి చూపిస్తే ఇంకా సంతోషిస్తారు.

పొగమంచులో రెండు తెల్లవార్లు

సంక్రాంతి వెళ్ళిన వారానికి కొవ్వూరు వెళ్ళాను. సూర్యుడు ఆరున్నర దాటాక గానీ కనిపించడు. మేం ఐదూ ముప్పావుకే రేవులో ఉన్నాం. మొదటిరోజు పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే వంతెన మీద రైలు పోతున్న చప్పుడు వినిపించింది గానీ వంతెన కనిపించలేదు. ఏడున్నర దాకా కూర్చున్నాం. ఒక్క ఫోటో లేదు. "పోనీ అక్కా, నెట్లో బోలెడు ఉంటాయి, ఒకటి ప్రింటు తీయించెయ్, పెద్దమ్మకేం తెలుస్తుంది?" అన్నాడు వెంట వచ్చిన చిన్నాన్న కొడుకు. రాజమండ్రి సంగతి వాడికి తెలియదు పాపం!

రెండోరోజు మంచు పలచగా ఉంది. సూర్యుడు రాకముందే తూర్పున గులాబీ రంగు పాకింది. ఇక్కడ మీకో చిట్కా. ఈ వేళలో, అంటే సూర్యోదయానికి ముందు పావుగంటా, సూర్యాస్తమయం తరవాత పావుగంటా చాలామంది ఫోను జేబులో పెట్టేసి ఉంటారు. కానీ దీపాలూ ఆకాశమూ సమంగా కనిపించేది అప్పుడే. కార్తీకదీపాల ఫోటోలు పూర్తిగా చీకటి పడ్డాక తీస్తే నల్లటి గుడ్డ మీద చుక్కల్లా ఉంటాయి. ఆకాశంలో ఇంకా నీలం మిగిలి ఉండగా తీస్తే నీళ్ళు, దీపాలు, మనుషులు అందరూ ఉంటారు. వెలుతురు తక్కువ కాబట్టి చెయ్యి కదలకూడదు. స్టాండు లేకపోతే ఫోనుని మెట్టు మీదో, సంచీ మీదో ఆనించి, మూడు సెకన్ల టైమరు పెట్టి తియ్యండి. నేను మడత పెట్టిన శాలువా మీద పెట్టాను.

సూర్యుడు ఎదురుగా ఉన్నప్పుడు ఫోను తికమక పడుతుంది. ఆకాశం తెల్లగా కాల్చేస్తుంది. అప్పుడు తెర మీద సూర్యుడి పక్కన వెలుగున్న చోట వేలితో ఒకసారి తట్టండి. చాలా ఫోన్లలో పక్కనే చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది. దాన్ని కిందికి లాగితే వెలుగు తగ్గి, రంగులు తిరిగొస్తాయి. పడవలూ మనుషులూ నల్లటి బొమ్మల్లా అయిపోతే పోనివ్వండి, అదీ ఒక అందమే. అన్నిటికంటే ముందు లెన్సు తుడవండి. వంటింటి నూనెచేతులతో మనం పట్టుకునే ఫోను కదా, ఆ జిడ్డు వల్లే సూర్యుడి చుట్టూ మసకలు వచ్చేది. మెత్తటి పాత నూలుగుడ్డ వాడండి. జరీ కొంగుతో మాత్రం వద్దు, గీతలు పడతాయి.

సూర్యుడు కుడిచేతివైపు, అంటే ఆగ్నేయంగా లేచాడు. మంచు మీంచి వెలుతురు నీళ్ళ మీద బాటలా పరుచుకుని నా కాళ్ళ దగ్గరి మెట్టు దాకా వచ్చింది. అదే క్షణంలో ఒక పడవ ఆ బాట మీదికి వచ్చింది. నేను మెట్టు మీద కూర్చునే ఉన్నాను. పది ఫోటోలు తీశాను. అంతలో ఎండ తెల్లబడింది.

మాట్లాడకుండా కూర్చోవడం

ఇప్పుడు అసలు కష్టమైన సంగతి. మన ఫోటో మంచిదో కాదో మనకి తెలియదు. మంచులో రెండు పొద్దులు కూర్చున్న చలి మనకి గుర్తుంటుంది కాబట్టి ఫోటో కూడా గొప్పగానే కనిపిస్తుంది. చూసేవాళ్ళకి ఆ చలి తెలియదు.

మా అపార్ట్‌మెంటులో నలుగురం నెలకో ఆదివారం సాయంత్రం కూర్చుంటాం. మొదలెట్టింది టీచరమ్మే. ఒక్కొక్కరు రెండు ఫోటోలకి మించి తేకూడదు. తీసినావిడ ఐదు నిమిషాలు నోరెత్తకూడదు, ఇదీ షరతు. "అక్కడ అసలు..." అని మొదలెట్టగానే ఆపేస్తారు. ఫోటోలో లేనిది నోటితో కలపాల్సి వస్తోందంటే అది ఫోటోలో రాలేదనే కదా. మిగతావాళ్ళు మూడే మూడు చెప్పాలి. ముందు చూపు ఎక్కడ పడింది? తరవాత ఎక్కడ చిక్కుకుంది? ఇందులో ఒకటి తీసెయ్యమంటే ఏది తీసేస్తారు? బావుంది, బాలేదు అనే మాటలు లేవు. అంచేత ఎవరికీ మనసు కష్టపడదు, కబుర్లు పెరగవు. చెప్పేటప్పుడు నచ్చింది ముందు చెప్పి, మార్చాల్సింది ఒక్కటే చెప్పండి. ఏడు తప్పులు ఒకేసారి చెబితే కొత్తకోడలికి వంట నేర్పినట్టుంటుంది, రెండోసారి స్టవ్వు ముట్టుకోదు.

ఫోటోల సంగతి తెలిసినవాళ్ళనే అడగాలని లేదు. పై ఫ్లాటులో ఉండే మా తోటికోడలి అత్తగారికి, అంటే మా అత్తగారికేలెండి, ఫోటో గురించి ఏమీ తెలియదు. నా పదింట్లో ఒకదాన్ని చూసి "ఈ పడవ వెళ్ళిపోతోందా, వస్తోందా?" అని అడిగారు. పడవ ముక్కు ఫోటో అంచుకి తగులుతోంది, ముందు నీళ్ళు లేవు. వేరేదాంట్లో పడవ ఎడమవైపుంది, ముందు బోలెడు నీళ్ళు. "ఇది వస్తోంది" అన్నారు వెంటనే. ఆ ఒక్క ప్రశ్నతో నా పది ఫోటోలు ఒకటైపోయాయి.

అందరి మాటా వినక్కర్లేదు లెండి. రంగులు ఇంకా దట్టించమని ఒకావిడ గట్టిగా చెప్పింది. దట్టిస్తే గోదారి ఆరెంజి షర్బత్‌లా అయింది. వద్దనుకున్నాను. అయితే ఇద్దరు ముగ్గురు విడివిడిగా ఒకే చోట వేలుపెడితే మాత్రం వాళ్ళు చెప్పింది నిజమే అని నా అనుభవం.

గోడకెక్కేముందు

ప్రింటు దగ్గర మళ్ళీ దెబ్బతిన్నాను. 18 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు సైజు చెప్పి స్టూడియోలో ఇచ్చాను. వచ్చిన ప్రింటులో కింద మెట్టు లేదు! సంగతేమిటంటే, చాలా ఫోన్లు మామూలుగా తీసే ఫోటో నాలుగుకి మూడు కొలతలో ఉంటుంది. ఆ ప్రింటు మూడుకి రెండు. తేడా వచ్చినంత మేర పైనా కిందా కోసేస్తారు. 16కి 12 గానీ, చిన్నదైతే 8కి 6 గానీ అడిగితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది. రెండో పాఠం, ఫోను తెర వెలుగుతుంది, కాగితం వెలగదు. తెర వెలుతురు సగానికి తగ్గించి చూసుకుని, నల్లగా అనిపిస్తే కాస్త పెంచి ప్రింటుకివ్వండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ కుదించుకుపోతుంది, డాక్యుమెంటుగా పంపండి.

రెండో ప్రింటు ఫ్రేము కట్టించి, అమ్మ కుర్చీకి ఎదురుగా గోడకి పెట్టాను. నేను తీసినట్టు చెప్పలేదు, ఏ ఊరో చెప్పలేదు. ఐదు నిమిషాల నోరెత్తని షరతు నాకు నేనే పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళి బీరకాయ తరుగుతూ కూర్చున్నాను. పది నిమిషాలైనా అలికిడి లేదు. ఉండబట్టలేక తొంగి చూశాను. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. చెయ్యి మాత్రం కళ్ళకి అడ్డంగా, ఎండ పడుతున్నట్టు పెట్టుకుంది.

"ఆ మెట్టు అంచు ఇంకా విరిగే ఉందేంటే?" అంది నన్ను చూసి. "మీ అమ్మమ్మ బిందె జారింది అక్కడే."

నేను దగ్గరికెళ్ళి చూశాను. నిజమే, ఎడమవైపు మూల మెట్టు అంచు కొంచెం విరిగి ఉంది. తీసినప్పుడు నేను గమనించనేలేదు.

కాసేపాగి, "వచ్చే కార్తీకానికి మళ్ళీ వెళ్తావా?" అంది. "దీపాలు వదిలేటప్పుడు... తెల్లవారుజామునే వెళ్ళాలి మరి, లేవగలవా?"